రక్తము తగ్గిన మూత్రపిండమునకు మచ్చ యేల కట్టును?

వేసవి సెలవులు ముగిసి పాఠశాల తెఱచిన వారములో, మాయొద్ద చదువుకొను నొక బాలుని తండ్రి మమ్ము చూడవచ్చెను. ఆయన ఆళ్లగడ్డలో రాతివిగ్రహములు చెక్కు శిల్పి. మండుటెండలో రేకుల పందిరి క్రింద దినమంతయు ఉలి పట్టి పనిచేయువాడు. వైశాఖమాసమున ఆయనకు వాంతులు విరేచనములు పట్టుకొనెను. నీరు త్రాగినను కడుపులో నిలువలేదు. అంతకుముందే మోకాళ్లనొప్పికై అంగడిలో కొన్న మాత్రలు వరుసగా మూడుదినములు మ్రింగియుండెను. నాలుగవదినమున మూత్రము బంధించెను. నంద్యాలకు తీసికొనిరాగా వైద్యులు సిరలోనికి ద్రవమెక్కించి ప్రాణము నిలిపిరి. మూత్రము మరల వచ్చెను. ఆయన యిల్లు చేరెను. అయితే మూడునెలల పిమ్మట రక్తపరీక్ష చేయగా, మూత్రపిండములు పూర్వస్థితికి రాలేదనియు, లోపల మచ్చ కట్టుచున్నట్లు తోచుచున్నదనియు వైద్యుడు చెప్పెను.

ఆయన మమ్ము అడిగిన ప్రశ్న యిది: “అయ్యవారూ, కాలువకు నీళ్లు తిరిగి వచ్చినాక చేను పచ్చబడవలె గదా. నా ఒంట్లో రక్తం మళ్లీ బాగానే పారుతాందని డాక్టరే చెప్పినాడు. మరి ఈ మచ్చ ఎవరు కట్టినారు?”

మేము వెంటనే జవాబు చెప్పలేకపోతిమి. ఉపాధ్యాయ శిక్షణ కళాశాలలో మేము నేర్చిన శరీరశాస్త్రమున మూత్రపిండము వడపోత యంత్రమని మాత్రమే యుండెను. పిమ్మట వైద్యులైన మిత్రుల నడిగి, గ్రంథములు చదివి, తెలిసికొన్న సంగతిని ఆ తండ్రికొఱకును, మన విద్యార్థులకొఱకును, వారి తలిదండ్రులకొఱకును ఈ సంచికలో వ్రాయుచున్నాము. సారాంశమును ముందే చెప్పుదుము. మచ్చను కట్టినది బయటి శత్రువు కాదు. దేహమును కాపాడుటకు నియమింపబడిన కావలివారే, పని ముగిసిన పిమ్మటను వెడలిపోక, దానిని కట్టుదురు.

మూత్రపిండముల పని

వెన్నెముకకు ఇరుప్రక్కల, పక్కటెముకల చాటున, చిక్కుడుగింజ ఆకారముగల రెండు మూత్రపిండములు గలవు. ఒక్కొక్కటి సుమారు 150 గ్రాముల బరువుండును. మన తెలుగు బైబిలునందు, లేవీయకాండమున బలివిధులను గూర్చి చెప్పు తావున వీనిని మూత్రగ్రంథులనిరి. అదే హెబ్రీ పదమును కీర్తనల గ్రంథమున అంతరింద్రియములని భాషాంతరము చేసిరి. మనుష్యుని లోలోతు తలంపులకు ఇది స్థానమని పూర్వులు భావించిరి. కన్నులకు కనబడక, నొప్పి తెలుపక, లోన దాగి పనిచేయు అవయవమునకు ఆ పేరు తగియే యున్నది.

రెండు పిండములును గలిసి దేహపు బరువులో రెండువందలవ వంతైనను మించవు. అయినను గుండె విడుచు రక్తములో సుమారు అయిదవ వంతు, అనగా నిమిషమునకు ఒక లీటరునకు పైగా, వీనిలోనికే పోవును. ప్రతి పిండమునందును నెఫ్రానులను వడపోత సాధనములు సుమారు పదిలక్షలు గలవు. ప్రతి నెఫ్రానునకును మొదట సన్నని రక్తనాళముల యుండ యొకటియు, దానినుండి బయలుదేఱు మెలికల గొట్ట మొకటియు నుండును. ఈ యుండలు దినమునకు సుమారు 180 లీటర్ల ద్రవమును వడగట్టును. గొట్టములు అందులో నీటిని, ఉప్పును, చక్కెరను దాదాపు అంతయు తిరిగి పీల్చుకొని, లీటరున్నరకు అటునిటుగా మాత్రమే మూత్రముగా విడుచును. ఇట్లు తిరిగి పీల్చుటయే మిక్కిలి శ్రమతో గూడిన పని. అందుకు ప్రాణవాయువు విస్తారముగా కావలెను.

ఇచట నొక చిక్కు గలదు. పిండపు వెలుపలిభాగమునకు రక్తము సమృద్ధిగా అందును. లోపలిభాగమునకు వచ్చునది పదింట నొకవంతు మాత్రమే. మన కర్నూలు కడప కాలువను ఎఱిగినవారికి ఇది సులభముగా బోధపడును. తుంగభద్రమీది సుంకేసుల యొద్ద బయలుదేఱి, నంద్యాల పొలముల మీదుగా కడప వైపునకు పోవు ఈ కాలువను పందొమ్మిదవ శతాబ్దమున ఒక ఇంగ్లీషు కంపెనీ త్రవ్వించెను. 1882వ సంవత్సరమున ప్రభుత్వము దానిని కొనెను. నీరు తగ్గిన యేట మొదట ఎండునది తలకట్టునందలి పొలము కాదు, చివరి ఆయకట్టు. మూత్రపిండమునందును అంతియే. రక్తము తగ్గినప్పుడు మొదట నలిగిపోవునవి ఆ లోపలిభాగపు అంచున నుండు గొట్టముల కణములు.

రక్తము తగ్గు విధములు

రక్తము తగ్గుట రెండు విధములు. మొదటిది ఆకస్మికము. వాంతులు విరేచనములు, ప్రసవకాలపు రక్తస్రావము, వడదెబ్బ, తీవ్రమైన సూక్ష్మజీవి వ్యాధి మొదలగువానివలన దేహమున ద్రవము తగ్గి, లేక రక్తపుపోటు పడిపోయి, కొన్ని గంటలలోనే పిండములు ఎండును. నంద్యాల ప్రాంతమున వేసవి యెండ 45 డిగ్రీలు దాటు దినములు గలవు. అట్టి దినమున చేనిలోనో, రాళ్లపందిరిలోనో పనిచేయువాని చెమటతో పోవు నీరు లీటర్ల కొలదిగ నుండును.

రక్తము తగ్గినప్పుడు పిండము తన్ను తాను కాపాడుకొనుటకు ప్రోస్టాగ్లాండినులను పదార్థములను పుట్టించి, వడపోత యుండకు రక్తము తెచ్చు సన్నని నాళమును తెఱచియుంచును. ఐబుప్రోఫెన్, డైక్లోఫినాక్ మొదలగు నొప్పిమాత్రలు ఆ పదార్థములు పుట్టకుండ ఆపును. కావున బాగుగా నీరు త్రాగిన వానికి అంతగా హానిచేయని మాత్రయే, దేహమెండిన వానికి ద్వారము మూసివేయును. ఆ శిల్పికి జరిగిన దిదియే.

రెండవది నిదానము. పిండమునకు రక్తము తెచ్చు పెద్ద ధమని, వయసుచేతనో, పొగాకు, మధుమేహము, అధిక కొలెస్టరాల్ చేతనో, లోపల క్రొవ్వు పేరుకొని ఇఱుకగును. మన దేశమున పడుచువారికి సయితము తకయాసు వ్యాధియను ధమనుల వాపు వలన ఇట్లగుట కలదు. 1934వ సంవత్సరమున అమెరికా వైద్యుడు హారీ గోల్డ్‌బ్లాట్ కుక్కల మూత్రపిండ ధమనులను వెండి బిగింపుతో కొంచెముగా ఇఱుకచేసి చూడగా, వాని రక్తపుపోటు హెచ్చి నిలిచెను. రక్తము చాలని పిండము రెనిన్ అను పదార్థమును విడుచును. దాని మూలమున యాంజియోటెన్సిన్ పుట్టి, నాళములను బిగించి, పోటును హెచ్చించును. ఇది మొదట ఆత్మరక్షణమే. అయితే యాంజియోటెన్సిన్ పోటును హెచ్చించుటతో నూరకుండదు. వాపును, మచ్చను రేపు సంకేతముగా కూడ పనిచేయునని తరువాత తేలెను.

ఆకలిగొన్న కణము

రక్తమందని కణమున ఏమి జరుగునో తెలియుటకు మన తెలుగువాని నొకని స్మరింపవలెను. 1895 జనవరి 12వ తేదిన భీమవరమున పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావుగారు మద్రాసులో వైద్యము చదివి, అమెరికాలోని హార్వర్డు విశ్వవిద్యాలయమున సైరస్ ఫిస్కె అను ఆచార్యునితో గలిసి పనిచేసిరి. కండరములందు శక్తిని నిలువచేయు ఫాస్ఫోక్రియేటిన్ అను పదార్థమును వారిరువురు 1927లో లోకమునకు తెలిపిరి. కణముల చెలామణి నాణెమనదగిన ఏ.టీ.పీ. యను పదార్థమును సయితము కండరమునుండి వేఱుచేసిరి. జర్మనీలో లోమాన్ అను శాస్త్రజ్ఞుడును ఆ కాలముననే దానిని కనుగొనెను.

ఈ రెండు పదార్థములును మన కథలోనికి వచ్చుచున్నవి. కండరములందలి క్రియేటిన్, ఫాస్ఫోక్రియేటిన్ కొంచెము కొంచెముగా మాఱి క్రియేటినిన్ అగును. దానిని బయటికి పంపునది మూత్రపిండము. పంపలేనప్పుడు అది రక్తమున నిలిచిపోవును. ఆ శిల్పికి వైద్యుడు చేయించిన రక్తపరీక్ష క్రియేటినిన్ కొలుచు పరీక్షయే.

ఇక ఏ.టీ.పీ. మాట. గొట్టపు కణములకు ప్రాణవాయువు అందనప్పుడు నిమిషములలో ఏ.టీ.పీ. తఱిగిపోవును. ఉప్పును నీటిని తోడు పంపులు నిలుచును. కణము ఉబ్బును. కొన్ని కణములు పగిలి చచ్చును. పిమ్మట రక్తము తిరిగి వచ్చినప్పుడు ప్రాణవాయువు ఒక్కుమ్మడిగా చేరుటచేత మఱికొంత హాని కలుగును. చచ్చిన కణము పగిలినప్పుడు, లోన నుండవలసిన వస్తువులు బయట పడును. ఏ.టీ.పీ., యూరిక్ ఆమ్లము, కణబీజమునందలి హిస్టోనులు, హెచ్.ఎమ్.జీ.బీ. 1 అను మాంసకృత్తు అట్టివి. ఇల్లు కూలినప్పుడు పెట్టెలోని నగలు వీధిలో పడినట్లిది. చూచినవారికి ఇచట ఆపద కలిగినదని తెలియును.

కావలివారి కేక

దేహమున కావలివారు గలరని మొదట కన్నులార చూచినవాడు రష్యా దేశీయుడైన మెచ్నికాఫ్. 1882వ సంవత్సరమున సిసిలీ ద్వీపములోని మెస్సీనా నగరమున, పారదర్శకమైన నక్షత్రచేప పిల్లల దేహమున ముల్లు గ్రుచ్చి చూడగా, సంచరించు కణములు ఆ ముల్లు చుట్టును మూగెను. ఈ సిద్ధాంతమునకు ఆయనకు 1908లో నోబెల్ బహుమానము లభించెను. విద్యార్థులు ఒక సంగతి గమనింపవలెను. ముల్లు సూక్ష్మజీవి కాదు. గాయము మాత్రమే చాలును, కావలివారు వచ్చెదరు.

ఆ కావలివారికి ఆపద యెట్లు తెలియును? ఫలపుటీగలయందు టోల్ అను జన్యువును పరిశీలించి జూల్స్ హాఫ్‌మన్, ఎలుకలయందు పరిశీలించి బ్రూస్ బ్యూట్లర్, కణముల మీద ఆపదను గుర్తించు గ్రాహకములు గలవని నిరూపించి, 2011వ సంవత్సరపు నోబెల్ బహుమానమున పాలుపొందిరి. టోల్ వంటి ఈ గ్రాహకములు సూక్ష్మజీవుల గుర్తులనే గాక, మనము పైన చెప్పిన చచ్చిన కణముల వస్తువులను గూడ గుర్తించును. దేహము స్వపరభేదమును మాత్రమే కాదు, ఆపదను గుర్తించునని 1994లో పాలీ మట్జింగర్ అను విదుషీమణి వాదించెను. మూత్రపిండమున జరుగునది ఆ మాటకు చక్కని యుదాహరణము. ఇచట సూక్ష్మజీవి లేదు. అయినను దేహము సూక్ష్మజీవి వచ్చినట్లే లేచును.

గొట్టపు కణములమీద ఈ గ్రాహకములు గలవు. అవి మేల్కొనగానే కణములోపల ఎన్.ఎఫ్. కప్పా బీ అను సంకేతము కణబీజమునకు చేరి, ఇంటర్‌ల్యూకిన్‌లు, టీ.ఎన్.ఎఫ్., ఎమ్.సీ.పీ. 1 అను సందేశపదార్థములను పుట్టించును. మఱియొక సాధనము ఇన్‌ఫ్లమసోము. బయటపడిన ఏ.టీ.పీ.యును, యూరిక్ ఆమ్లపు స్ఫటికములును దానిని రేపును. రాతిధూళిలోని సిలికా కణములు ఊపిరితిత్తులలో చేరినప్పుడు రేపునదియు ఇదే. కావున శిల్పుల రొమ్మున సిలికోసిస్ అను మచ్చవ్యాధిని, ఎండిన మూత్రపిండమున మచ్చను పుట్టించు కేకలలో నొకటి యొక్కటియే. ఆళ్లగడ్డవారు ముక్కునకు గుడ్డ కట్టుకొనవలెనని మేము చెప్పుట ఇందువలననే.

కేక విని మొదట, గంటలలో, న్యూట్రోఫిల్ అను తెల్లకణములు పరుగెత్తివచ్చును. ఒకటి రెండు దినములలో మాక్రోఫేజ్ అను పెద్ద తెల్లకణములు చేరును. అవి చచ్చిన కణములను మ్రింగి చోటు శుభ్రపఱచును. రక్తమునందలి కాంప్లిమెంట్ అను మాంసకృత్తులును తోడగును. ఇదంతయు మేలే. ఊరిలో గడ్డివామి అంటుకొన్నప్పుడు తలారి తప్పెట కొట్టును. జనులు కుండలతో పరుగెత్తివత్తురు. వారు రాకున్న ఊరు కాలును. వచ్చినందువలన ప్రక్కనున్న కూరపాదులు కొన్ని నలిగినను ఎవ్వరును తప్పుపట్టరు.

మరమ్మతు మచ్చగా మాఱుట

మంట ఆఱిన పిమ్మట తప్పెట నిలువవలెను. ఆరోగ్యవంతుని పిండమున, దెబ్బ చిన్నదైనప్పుడు, అట్లే జరుగును. మాక్రోఫేజులు తమ స్వభావమును మార్చుకొని, పోరు మాని మరమ్మతునకు సహాయపడును. బ్రతికిన గొట్టపు కణములు విభజించి ఖాళీలను నింపును. కొన్ని వారములలో గొట్టము క్రొత్తదగును.

దెబ్బ పెద్దదైనను, మరల మరల తగిలినను, లేక రక్తము నిదానముగా ఇఱుకుచునే యున్నను, ఈ క్రమము తప్పును. కొన్ని గొట్టపు కణములు విభజింప నారంభించి నడుమ నిలిచిపోవును. అట్టివి చావవు, బాగుపడవు. తప్పెట కొట్టుచునే యుండును. వానినుండియు, మాక్రోఫేజులనుండియు టీ.జీ.ఎఫ్. బీటా అను సందేశపదార్థము పుట్టుచుండును. గొట్టముల నడుమ నివసించు నారకణములును, సన్నని రక్తనాళములను కౌగిలించుకొనియుండు పెరిసైటులను కణములును ఆ సందేశమును విని, తమ చోటు విడిచి, మయోఫైబ్రోబ్లాస్టులుగా మాఱి, కొలాజెన్ అను నారను నేయ మొదలిడును. చేతిమీది గాయమును మూయు నారయే యిది. చర్మముమీద అది యుపకారి. నెఫ్రానుల నడుమ అది గొట్టములను నొక్కి, నశింపజేయును.

ఇంతలో మఱియొక నష్టము. పెరిసైటులు కౌగిలి విడిచినందున సన్నని రక్తనాళములు నిలువలేక మాసిపోవును. నాళములు తగ్గగా ప్రాణవాయువు తగ్గును. ప్రాణవాయువు తగ్గగా మఱికొన్ని కణములు అలమటించి కేకవేయును. కేక విని మఱికొందఱు కావలివారు వత్తురు. మఱికొంత నార పెరుగును. ఇట్లు గానుగెద్దువలె అంతులేని చుట్టు ఏర్పడును. మొదట రక్తము తగ్గుటకు కారణము ఎండయో, ఇఱుకు ధమనియో కావచ్చును. తరువాత మచ్చయే రక్తమును తగ్గించును.

కాలువ తెఱచినంత మాత్రమున

ఇపుడు ఆ తండ్రి ప్రశ్నకు రాగలము. నీరు తిరిగి వచ్చిన చేను పచ్చబడవలె గదా? కాలువ ఒక యేడు ఎండియున్నప్పుడు దానిలో జమ్మును తుంగయు మొలచి, పిల్లకాలువలు పూడిపోవును. అటుపిమ్మట తూము తెఱచినను చివరి పొలమునకు నీరెక్కదు. లోపము తూమునందు లేదు, నడుమ పెరిగిన తుంగయందు గలదు.

ఇది ఉపమానము మాత్రమే కాదు, పరీక్షించి చూచిన సంగతి. ఇఱుకైన మూత్రపిండ ధమనిలో స్టెంటను లోహపు జాలిగొట్టమును పెట్టి తెఱచిన మేలు కలుగునా యని అమెరికా మొదలగు దేశములలో 947 మంది రోగులను రెండు పాళ్లుగా విభజించి చూచిరి. అందఱికిని మంచి మందుల నిచ్చిరి. ఒక పాలువారికి స్టెంటు గూడ వేసిరి. కోరల్ అను పేరుగల ఆ పరిశోధన ఫలితము 2014లో ప్రకటింపబడెను. మరణము, గుండెపోటు, పక్షవాతము, మూత్రపిండము చెడుట మొదలగు ఫలితములను గలిపి చూడగా, స్టెంటు వేసినవారికిని వేయనివారికిని చెప్పదగిన భేదము కానరాలేదు.

ఎందువలన? 2013లో మేయో వైద్యశాలవారు ప్రకటించిన పరిశీలనమున దీనికి జవాబు గలదు. స్టెంటు వేసిన మూడునెలల పిమ్మట చూడగా పిండపు వెలుపలిభాగమున రక్తప్రవాహము హెచ్చెను. ప్రాణవాయువు కొఱతయు తగ్గెను. కాని ఆ పిండమునుండి వచ్చు సిరలోని రక్తమున వాపు సందేశములు, ఎమ్.సీ.పీ. 1 మొదలగునవి, హెచ్చుగానే యుండెను. వడపోతయు బాగుపడలేదు. తూము తెఱచిరి, కాని తప్పెట నిలువలేదు.

దీనినిబట్టి స్టెంటు ఎవ్వరికిని పనికిరాదని పాఠకులు తలంపరాదు. అకస్మాత్తుగా ఊపిరితిత్తులలో నీరు చేరువారికిని, మందులకు లొంగని పోటు గలవారిలో కొందఱికిని, క్రొవ్వుచేత గాక ఇతర కారణములచేత ధమని యిఱుకైన పడుచువారికిని, వైద్యులు నేటికిని ధమనిని తెఱచెదరు. మా తాత్పర్యము వేఱు. రక్తమును మరల పాఱించుట అవసరము. కాని ఆలస్యమైన యెడల అది యొక్కటియే చాలదు.

ఉద్దానము నేర్పు పాఠము

మన రాష్ట్రమునందే శ్రీకాకుళము జిల్లాలో ఉద్దానమను ప్రదేశము గలదు. కొబ్బరి, జీడిమామిడి తోటలతో పచ్చని సీమ. అచట మధుమేహము గాని, ముందు నుండి అధిక రక్తపుపోటు గాని లేని శ్రామికులు, నడివయసుననే మూత్రపిండములు చెడి, డయాలిసిస్ యంత్రమును ఆశ్రయించుచున్నారు. సూదితో ముక్క తీసి పరీక్షించినచో గొట్టముల నడుమ ఆ నారయే, ఆ వాపే కనబడుచున్నది. కారణ మిదియని వైద్యు లింకను నిశ్చయింపలేదు. ఎండలో శ్రమ, నీటియందలి పదార్థములు, పురుగుమందులు, నొప్పిమాత్రలు అను పలు సందేహములు గలవు. 2023 డిసెంబరులో పలాసలో ఈ వ్యాధికై పరిశోధనకేంద్రమును ఆసుపత్రియు తెఱవబడెను.

మధ్య అమెరికాలోని చెఱకు కోత కూలీలయందును ఇట్టి వ్యాధియే గలదు. నికరాగ్వాలో కొన్ని చెఱకు తోటలయందు కూలీలకు నీడయు, నడుమ నడుమ విశ్రాంతియు, త్రాగునీరును క్రమముగా ఏర్పఱచగా, పనికాలమున మూత్రపిండములకు తగులు దెబ్బలు తగ్గినట్లు పరిశీలకులు కనుగొనిరి. ఖరీదైన మందు కాదు. నీడ, నీరు, విశ్రాంతి.

మనము చేయదగినది

కట్టిన మచ్చను కరగించు మందు నేటివరకు లేదు. పెరుగుటను మందగింపజేయు మందులు గలవు. యాంజియోటెన్సిన్‌ను అడ్డగించు మందులు, ఎస్.జీ.ఎల్.టీ. 2 అను మార్గమును అడ్డగించు క్రొత్త మందులు అందులో ముఖ్యమైనవి. అయితే వాంతులు విరేచనములతో దేహమెండిన దినములలో ఇట్టి మందులను కొన్నిదినములు ఆపవలసియుండును. వైద్యుని యడుగక మొదలుపెట్టరాదు, మానరాదు. తప్పెటను మాత్రమే ఆపు మందులకై శాస్త్రజ్ఞులు శ్రమపడుచున్నారు. కావలివారినందఱిని పంపివేసిన సూక్ష్మజీవులు లోపడును గనుక ఆ పని సులభము కాదు.

రోగనిరోధకశక్తిని హెచ్చించునని చెప్పి అంగళ్లలో అమ్ము పొడులను, కషాయములను గూర్చి యొక మాట. నిరోధకశక్తి యెంత హెచ్చిన అంత మేలని తలంచుట పొరపాటు. వేళకు లేచి, వేళకు అణగునదే మంచి శక్తి. పైగా అట్టి పొడులలో కొన్నిటియందు మూత్రపిండములకు హానిచేయు లోహములుండుట కలదు.

కావున తలిదండ్రులకు మా మనవి యిది. ఎండలో పనిచేయు దినమున దాహమగువఱకు ఆగక, మధ్యమధ్య నీరు త్రాగుడు. మజ్జిగయు గంజియు మన పెద్దలు చూపిన మంచి మార్గములు. నడుమధ్యాహ్నపు పనిని వీలైనంత ఉదయమునకు మార్చుకొనుడు. వాంతులు విరేచనములు పట్టినప్పుడు ఉప్పు చక్కెర కలిపిన ఓ.ఆర్.ఎస్. నీటిని వెంటనే మొదలిడుడు. ఆ దినములలో నొప్పిమాత్రలను ముట్టకుడు. ఒకపూట మూత్రము రాకున్నను, మిక్కిలి తగ్గి నల్లబడినను, మఱునాటికి వాయిదా వేయక ఆసుపత్రికి పొండు. 2023 నుండి నంద్యాలలో ప్రభుత్వ వైద్యకళాశాలయు గలదు. ఇదివఱకే మూత్రపిండ వ్యాధిగాని, గుండె వ్యాధిగాని యున్నవారు ఎంత నీరు త్రాగవలెనో వైద్యుని యడిగి తెలిసికొనవలెను.

మఱియొక ముఖ్యవిషయము. ఒకసారి ఇట్టి దెబ్బ తగిలి బాగుపడినవారు, బాగుపడితిమని ఊరకుండరాదు. మూడునెలలకు క్రియేటినిన్‌ను, మూత్రమునందలి ఆల్బుమిన్‌ను, రక్తపుపోటును తప్పక చూపించుకొనవలెను. వడపోత శక్తి సగము పోవువఱకు క్రియేటినిన్ పెద్దగా హెచ్చకుండవచ్చును. ఒంటికి బాగుండుటయే పిండము బాగుండుటకు సాక్ష్యము కాదు.

ఆ శిల్పి యింకను పనిచేయుచున్నాడు. ఇపుడు పందిరిమీద కొబ్బరిమట్టలు కప్పించుకొని, ప్రక్కన నీటికుండ పెట్టుకొని, నొప్పిమాత్రలు మానివేసి, చెప్పిన కాలమునకు పరీక్షకు పోవుచున్నాడు. రెండవసారి చూచినప్పుడు సంఖ్య హెచ్చలేదట. మచ్చ మాసిపోలేదు. కాని పెరుగుట లేదు. ఈ వార్త చెప్పుటకే ఆయన మరల పాఠశాలకు వచ్చెను. మేము పైన వ్రాసినదంతయు ఆయనకు చెప్పితిమి. కొంతసేపు ఊరకుండి, “అట్లయితే మా వాళ్లే, అయ్యవారూ. పని అయినాక ఇంటికి పొమ్మని చెప్పేవాడు లేకపోయినాడు,” అనెను.

ఇంతకంటె చక్కగా మేము చెప్పలేము. విద్యార్థులారా, మీ తండ్రి పొలమునుండియో పందిరినుండియో యిల్లు చేరినప్పుడు, మొట్టమొదట ఒక చెంబు నీరు చేతికిండు. ఈ పాఠమున మీరు చేయదగిన మొదటి అభ్యాసము అదియే.